బక్కోడి బంతి

తొమ్మిదో తరగతిలో మా డ్రిల్లు మాస్టారు నన్ను స్కూలు క్రికెట్ టీమ్‌లోకి తీసుకోలేదు. చీరాల ఎండలో, సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలిలో వారం రోజుల పాటు ఆయన కళ్ళ ముందు పరిగెత్తి పరిగెత్తి బంతులేశాను. చివరికి దగ్గరికి పిలిచి, సంతలో కోడిని చూసినట్టు నా జబ్బ పట్టుకుని చూశారు. "ఒరే, ఒంట్లో కండ లేదు కదరా. ఫాస్ట్ బౌలింగంటే ఏమనుకున్నావు? నాలుగు ఓవర్లేస్తే ఐదో ఓవరుకి మంచమెక్కుతావు. ఆ స్కోరు పుస్తకం తీసుకుని చెట్టు కింద కూర్చో" అన్నారు.

రెండేళ్ళు చెట్టు కిందే కూర్చున్నాను. చుక్కలు పెట్టడం, వికెట్ పడితే డబ్ల్యూ రాయడం, మెయిడెన్ ఓవర్ ఆరు చుక్కల్ని కలిపి ఎమ్ గీయడం. నా అంత శుభ్రంగా స్కోరు రాసేవాడు జిల్లాలో లేడని మాస్టారే పది మందిలో అన్నారు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా ఏడుపొచ్చేది.

టిమ్ లిన్సెకమ్ అనే అమెరికా బేస్‌బాల్ పిచర్ (అంటే బంతి వేసేవాడు) గురించి రాద్దామని కూర్చుంటే మొదట గుర్తొచ్చింది ఆ వేపచెట్టు. అందుకే అక్కణ్ణించి మొదలెట్టాను.

2006 జూన్‌లో కంపెనీ నన్ను హైదరాబాద్ నుంచి సాన్ హోసే పంపింది. రెండు పడగ్గదుల అపార్టుమెంట్లో నలుగురం. తాలింపు వేస్తే పొగ అలారం మోగేది. దాని కింద ఒకడు తువ్వాలు పట్టుకుని విసురుతుంటే ఇంకొకడు పోపు పెట్టేవాడు. కారు లేదు. ఆఫీసు, ఇండియన్ స్టోరు, శనివారం గుడి. అంతే అమెరికా.

మా టెస్టింగ్ టీమ్‌లో యాభై దాటిన ఫిలిప్పీనో ఒకాయన ఉండేవారు. మేం "సర్" అంటుంటే రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు "ఇక్కడ సర్లు ఎవరూ లేరు, కావాలంటే కుయా అనండి" అన్నారు. కుయా అంటే వాళ్ళ భాషలో అన్నయ్య. ఆయన తెచ్చే కూరలో వెనిగరు, వెల్లుల్లి వాసన మా ఆవకాయకి దగ్గర చుట్టంలా ఉండేది. మధ్యాహ్నం డబ్బాలు మార్చుకునేవాళ్ళం. బేస్‌బాల్ అంటే ఆయనకి పిచ్చి. నాకు ఆ ఆట అప్పటికి గిల్లీదండాకి డబ్బున్న తమ్ముడు, అంతే.

ఆగస్టులో ఒక సాయంత్రం, "నాతో రా, ఒక కుర్రాణ్ణి చూపిస్తాను" అని కారెక్కించుకున్నారు. తీసుకెళ్ళింది టీవీల్లో కనపడే పెద్ద స్టేడియానికి కాదు, మా అపార్టుమెంటుకి పదిహేను నిమిషాల దూరంలో ఉన్న మునిసిపల్ స్టేడియానికి. 1942లో కట్టింది. నాలుగు వేల పైచిలుకు మంది పడతారు. గోడల నిండా చేత్తో వేసిన రంగుల బొమ్మలు, రాతలు. కాల్చిన మాంసం వాసన, పిల్లల గోల. మా ఊరి తిరనాళ్ళలో ఒక మూల ఆట పెట్టినట్టుంది. సాన్ హోసే జెయింట్స్ అంటే సాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ అనే పెద్ద టీమ్‌కి కింది మెట్టు టీమ్. ఇక్కడ బాగా ఆడితే ఇంకో మెట్టు, ఆ తర్వాత ఇంకోటి, అన్నీ దాటితే సాన్ ఫ్రాన్సిస్కో. మన రంజీలో ఆడుతూ టీమిండియా పిలుపు కోసం చూసినట్టే. కాకపోతే ఇక్కడ మెట్టుకొక ఊరు. ఊరి నుంచి ఊరికి బస్సుల్లో తిరుగుడు, అరకొర జీతం, మూడు పూటలా శాండ్‌విచ్చి.

అక్కడొక తమాషా ఉంది. ఎదుటి టీమ్‌లో ఒక బ్యాటర్ని ముందే ఎంచి 'బీర్ బ్యాటర్' అని ప్రకటిస్తారు. అతను స్ట్రయికవుట్ అయితే కాసేపు బీరు సగం ధరకే. అంటే మూడు బంతులు తప్పి అవుటైతే జనానికి పండగ. అతను బ్యాటు పట్టుకుని వస్తుంటే స్టేడియం మొత్తం చేతిలో గ్లాసుతో లేచి నిలబడింది.

ఎదురుగా మట్టిదిబ్బ మీద నిలబడ్డవాణ్ణి చూసి నేను కుయా వైపు తిరిగాను. "ఇతనా?"

ఇరవై రెండేళ్ళ వాడంటే నమ్మబుద్ధి కాలేదు. ఇంటర్ సెకండియర్ కుర్రాడు వాళ్ళన్న చొక్కా తొడుక్కుని వచ్చినట్టున్నాడు. జుట్టు అప్పటికింకా పెంచలేదు. కాగితం మీద 5 అడుగుల 11 అంగుళాలు, 170 పౌండ్లు. ఆ కాగితం రాసినవాళ్ళు కాస్త ఉదారంగా రాశారని అందరికీ తెలుసు. పక్కనున్న ఆటగాళ్ళు ఒక్కొక్కరూ ధాన్యం బస్తాల్లా ఉంటే ఇతను బస్తా కుట్టే దబ్బనంలా ఉన్నాడు.

అప్పుడు బంతి వేశాడు.

ఎలా వేశాడో చెప్పడానికి ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు మాటలు సరిపోవు. ఎడమకాలు పైకి లేపి, ఒళ్ళు మొత్తం వెనక్కి తిప్పి, బ్యాటర్‌కి తన వీపు చూపించాడు. ఒక్క క్షణం వాడు మనవైపు చూడటమే మానేశాడు. తర్వాత ఒక అడుగు వేశాడు. అది అడుగు కాదు, కాలవ దాటే దూకుడు. వాడి ఎత్తు కన్నా పొడుగుంటుంది. నడుం ముందు తిరిగింది, దాని వెనక భుజం, దాని వెనక చెయ్యి. తడిబట్టని రాతి మీద చాకలి బాదినప్పుడు బట్ట కొస ఆఖర్న వచ్చి చెళ్ళుమంటుందే, అలా వచ్చింది బంతి. క్యాచర్ గ్లవ్ లో పడ్డ చప్పుడు మా వరసకి వినిపించింది.

కుయా తొడ మీద అట్ట పెట్టుకుని ఏదో రాస్తున్నారు. వంగి చూస్తే గళ్ళ కాగితం. స్కోరు షీటు! స్ట్రయికవుట్‌కి 'కె' అనే ఇంగ్లీషు అక్షరం. బ్యాటు ఊపకుండా నిలబడి అవుటైతే అదే అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి రాయాలి. ఫీల్డర్లకి పేర్ల బదులు అంకెలు: పిచర్ 1, క్యాచర్ 2. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఆట నియమాలు సగం కూడా తెలియకుండానే దాని లెక్క రాయడం ఆ సాయంత్రమే నేర్చుకున్నాను. బీర్ బ్యాటర్ అవుటయ్యాడు. బీరు కోసం జనం ఉరుకులు. నేను తిరగేసిన కె ఎలా గియ్యాలో కుదురు చూసుకుంటున్నాను.

ఇంటికి తిరిగొస్తూ కారులో కుయా ఆ లిన్సెకమ్ కథ చెప్పారు. సియాటిల్ పక్క బెల్‌వ్యూలో పుట్టాడు. తండ్రి క్రిస్ బోయింగ్‌లో ఉద్యోగి. ఆ వింత యాక్షన్ ఏ కోచింగ్ సెంటరూ నేర్పింది కాదు, ఆ తండ్రి చేసిందే. చిన్న ఒళ్ళు కాబట్టి భుజం ఒక్కదాని మీద ఆధారపడితే పనవ్వదని, కాలి గోరు నుంచి వేలి కొస దాకా ఒళ్ళంతా బంతి వెనక పెట్టించాడు. బంతి విడిచాక ఎంత కిందికి వంగాలంటే ముందు నేల మీద పెట్టిన డాలరు నోటు తీసుకోగలగాలి, అలా సాధన చేయించేవాడట. వీడియోలు తీసి చూసుకునేవాళ్ళట. తల్లి వైపు వాళ్ళు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్ళు. ఈ మాట చెప్పేటప్పుడు కుయా స్టీరింగ్ మీద వేళ్ళతో దరువేశారు.

యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఆడుతుండగా 2006లో 199 మందిని స్ట్రయికవుట్ చేశాడు. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే గోల్డెన్ స్పైక్స్ అవార్డు వచ్చింది. అంతకు ముందు రెండుసార్లు డ్రాఫ్టులో (టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే చోట) వాణ్ణి పిలిచిన టీమ్‌లు ఉన్నాయి, ఎక్కడంటే 48వ రౌండులో ఒకసారి, 42వ రౌండులో ఒకసారి. పెళ్ళి భోజనాల్లో ఆఖరి బంతికి పిలిచినట్టు. 2006 జూన్‌లో మాత్రం మొదటి రౌండులోనే, పదో స్థానంలో, జెయింట్స్ తీసుకుంది. అంటే తొమ్మిది టీమ్‌లు వద్దనుకున్నాయి. అందులో వాడి సొంతూరు సియాటిల్ ఒకటి. కళ్ళ ముందు పెరిగిన పిల్లాణ్ణి వదిలేసి ఇంకో పిచర్‌ని తీసుకుంది. అందరిదీ ఒకటే మాట: ఆ ఒళ్ళు, ఆ యాక్షన్, ఎక్కువ కాలం నిలవదు, భుజం పోతుంది.

"ఒంట్లో కండ లేదు కదరా" అనే మాట నాకు ఇంగ్లీషులో వినపడింది.

మర్నాడు ఇండియన్ స్టోరులో లాంగ్ నోట్‌బుక్కు కొన్నాను. వాడు సాన్ హోసేలో ఆడింది ఆరు మ్యాచ్‌లే. 48 స్ట్రయికవుట్లు. నేను చూసినవి రెండు. రెండోసారి బస్సులో వెళ్ళి, తిరిగి రావడానికి బస్సు దొరక్క ముప్పావు గంట నడిచాను.

2007 మార్చిలో మనవాళ్ళు వెస్టిండీస్‌లో బంగ్లాదేశ్ చేతిలో, ఆ వెనకే శ్రీలంక చేతిలో ఓడి వరల్డ్‌కప్ నుంచి ఇంటికొచ్చేశారు. మా అపార్టుమెంట్లో పెద్దకర్మ వాతావరణం. నలుగురం కలిసి ఇక జన్మలో క్రికెట్ చూడబోమని ఒట్టేసుకున్నాం. (సెప్టెంబర్లో ధోనీ వచ్చి ఆ ఒట్టు గట్టున పెట్టించాడు, అది వేరే కథ.) కాబట్టి ఆ వసంతంలో టీవీ నా ఒక్కడిదే. లిన్సెకమ్ అప్పటికి ఫ్రెస్నోలో ఉన్నాడు. పై మెట్టుకి ఒక్కటే మెట్టు కింద. అక్కడ 31 ఇన్నింగ్స్ (ముగ్గురు అవుటైతే ఒక ఇన్నింగ్స్, మ్యాచ్‌కి తొమ్మిది) వేసి తన లెక్కలో ఇచ్చింది ఒక్క పరుగు. ఇంక ఆపడానికి ఎవరికీ సాకు లేదు.

మే 6, ఆదివారం రాత్రి. దేశం మొత్తం చూసే మ్యాచ్‌లో తొలి ఆట. ఫిలడెల్ఫియా మీద. మావాళ్ళందరినీ కూర్చోబెట్టి పెసరట్లు పోయించి, చూడండ్రా చూడండ్రా అని ఊదరగొట్టాను. ఐదో ఇన్నింగ్స్ పూర్తి కాకుండానే వాణ్ణి దించేశారు. జెయింట్స్ ఓడింది. "ఇదేనా నీ వజ్రం?" అని మా రూమ్మేట్ రిమోట్ లాక్కుని తేజ సినిమా పెట్టాడు. నేను నోట్‌బుక్కు మూసి, గిన్నెలు కడిగే వంతు నాది కాకపోయినా వెళ్ళి కడిగాను. ఐదు రోజులకి కొలరాడోలో వాడు మొదటి మ్యాచ్ గెలిచాడు (ఆ ఆటలో గెలుపోటములు పిచర్ ఖాతాలో కూడా రాస్తారు). అప్పటికి ఇంట్లో ఎవరూ వినే స్థితిలో లేరు.

ఆ ఏడు ఊరంతా జెయింట్స్ బ్యాటర్ బ్యారీ బాండ్స్ గోలే. ఆగస్టు 7న 756వ హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి ఆల్‌టైమ్ రికార్డు తీసుకున్నాడు. టీమ్ మాత్రం డివిజన్‌లో అట్టడుగున. బాండ్స్ వెళ్ళిపోతే ఈ ఇల్లు ఎవరు నిలబెడతారని రేడియోలో రోజూ పంచాయితీ. లిన్సెకమ్ ఆ సీజన్లో 7 గెలిచాడు, 5 ఓడాడు, 150 స్ట్రయికవుట్లు. కొత్తవాడికి చాలా బాగున్నట్టే. స్టేడియాల గేట్ల దగ్గర వాణ్ణి బ్యాట్లు మోసే కుర్రాడనుకుని ఆపేసేవారని కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళు. ఎన్ని నిజమో గాని నాకు ఒక్కటీ అతిశయోక్తి అనిపించలేదు.

డబ్బు సంగతి కొంచెం చెప్పాలి. బయటివాళ్ళు ఈ ఆటగాళ్ళందరూ కోటీశ్వరులే అనుకుంటారు. అదే టీమ్‌లో బ్యారీ జీటో అనే పిచర్‌కి ఏడేళ్ళకి 126 మిలియన్ డాలర్ల ఒప్పందం. 2008లో లిన్సెకమ్ జీతం 4 లక్షల 5 వేల డాలర్లు. మనకి అదే గుండె ఆగే అంకె, కానీ ఆ డ్రెస్సింగ్ రూమ్‌లో అది టీ ఖర్చు. ఎందుకంటే పెద్ద లీగ్‌లో దాదాపు మూడేళ్ళ సర్వీసు నిండేదాకా క్లబ్బు ఎంతిస్తే అంత. ఆ తర్వాత బేరమాడే హక్కు వస్తుంది. ఆరేళ్ళు నిండితే గాని నచ్చిన చోటికి పోవడానికి లేదు. ఇది కుయా వివరిస్తుంటే మా తెలుగు బ్యాచ్ అంతా ఒకేసారి నవ్వింది. ఆయనకి అర్థం కాలేదు. "కుయా, ఇది మా వీసా కదా" అన్నాను. ఒక యజమాని చేతిలో కాగితం, సంవత్సరాలు లెక్కపెట్టుకోవడం, క్యూలో మన తేదీ కోసం ఎదురుచూడటం. కాకపోతే మాలో ఎవడూ గంటకి 98 మైళ్ళ వేగంతో దేన్నీ విసరలేడు.

2008 వచ్చింది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. 101 హైవే మీద సాయంత్రపు ట్రాఫిక్‌లో కేఎన్‌బీఆర్ 680 రేడియో. టీవీ చూస్తూ కన్నా రేడియో వింటూనే ఆట బాగా అర్థమైంది నాకు. చిన్నప్పుడు నాన్న ట్రాన్సిస్టర్ చెవికానించుకుని టెస్ట్ మ్యాచ్‌లు వినేవాడు, అదే అలవాటు కాబోలు. లిన్సెకమ్ వేసే రోజు రేడియోలో గొంతులే వేరుగా పలికేవి. ఆ టీమ్ ఆ ఏడు 90 మ్యాచ్‌లు ఓడింది. పిచర్‌కి ఐదు రోజులకోసారి వంతు. నాలుగు రోజులు ఓటమి, ఐదో రోజు ఇతను, మళ్ళీ నాలుగు రోజులు ఓటమి. ఏకాదశి వ్రతంలా ఉండేది నాకు. ఆ ఐదో రోజున ఆఫీసులో మీటింగులు పెట్టుకునేవాణ్ణి కాను.

జుట్టు అప్పుడు పెంచాడు. టోపీ కింద నుంచి భుజాల దాకా. చేంజప్ అని ఒక బంతి ఉండేది వాడి దగ్గర. చెయ్యి అదే వేగంతో వస్తుంది, బంతి మాత్రం మధ్య దారిలో మనసు మార్చుకున్నట్టు కిందికి దిగిపోతుంది. మన స్లోయర్ బాల్ అనుకోవచ్చు గాని, మన స్లోయర్ బాల్ నేలకి తగిలి బ్యాటర్‌కి కాస్త టైమిస్తుంది. ఇక్కడ 60 అడుగుల 6 అంగుళాలు, మధ్యలో నేల లేదు. బ్యాటర్ ఊపిన తర్వాత బంతి వచ్చేది. పెద్ద పెద్ద దున్నపోతుల్లాంటి వాళ్ళు గాల్లో బ్యాటు ఊపి ఒక మోకాలు కింద ఆన్చి లేవడం చూస్తే నాకు చీరాల గ్రౌండు గుర్తొచ్చేది.

18 గెలుపులు, 5 ఓటములు, 265 స్ట్రయికవుట్లు. లీగ్‌లో ఇంకెవరికీ అన్ని లేవు. జూలైలో ఆల్‌స్టార్ మ్యాచ్‌కి న్యూయార్క్ వెళ్ళి, జ్వరం లాంటిదొచ్చి ఆస్పత్రిలో పడి ఆడలేకపోయాడు. అప్పుడు మళ్ళీ 'చూశారా, ఆ ఒళ్ళు' అన్నవాళ్ళున్నారు.

నవంబర్ 11న సై యంగ్ అవార్డు ప్రకటించారు. ఆ ఏటి ఉత్తమ పిచర్. జెయింట్స్‌లో 1967 తర్వాత ఎవరికీ రాలేదు. ఆ తేదీ నాకు గుర్తుండటానికి ఇంకో కారణం ఉంది. ఆ వారంలోనే మా ప్రాజెక్టు మూసేశారు. లేమన్ బ్రదర్స్ బ్యాంకు మునిగిన శరదృతువు అది. ఎవరి బాడ్జి ఎప్పుడు పనిచెయ్యడం మానేస్తుందో తెలియని రోజులు. మా నలుగురిలో ఇద్దరు క్రిస్మస్‌కి ముందే ఇండియా ఫ్లయిటెక్కారు. వాళ్ళ సామాన్లు నేనే కార్లో వేసుకుని ఎయిర్‌పోర్టులో దింపాను, ఒకడి ప్రెషర్ కుక్కర్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నాకు ఇంకో చోట, తక్కువ జీతానికి, మూడు నెలల తర్వాత పని దొరికింది. ఆ మూడు నెలల్లో అమ్మకి ఫోన్ చేసి ఆఫీసు బాగానే ఉందని చెప్పేవాణ్ణి. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోతే నోట్‌బుక్కు తీసి పాత స్కోర్లు కూడుకునేవాణ్ణి. కె ఎన్ని, తిరగేసిన కె ఎన్ని. కుయా ఉద్యోగం కూడా అప్పుడే పోయింది. ఆయన వారానికోసారి ఫోన్ చేసి ఏదీ అడగకుండా, స్ప్రింగ్ ట్రెయినింగ్‌కి (సీజన్ ముందు సాధనకి) ఇంకెన్ని రోజులుందో చెప్పి పెట్టేసేవారు.

2009 గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, వాడు మళ్ళీ బాగా వేశాడు, మళ్ళీ సై యంగ్ వచ్చింది. మొదటి రెండు పూర్తి సీజన్లలోనూ ఆ అవార్డు తీసుకున్నవాడు అంతకు ముందు ఎవడూ లేడు. 2010 ఫిబ్రవరిలో బేరమాడే హక్కు వచ్చింది, రెండేళ్ళకి 23 మిలియన్లు. నా తేదీ మాత్రం క్యూలో అలాగే ఉంది.

తర్వాత ఆగస్టు. 2010 ఆగస్టులో లిన్సెకమ్ ఒక్క మ్యాచ్ గెలవలేదు, ఐదు ఓడాడు. బంతి వేగం తగ్గింది. అడుగు పొట్టిదైందని ఒకరు, జుట్టు కత్తిరించుకోమని ఒకరు. రేడియోకి ఫోన్ చేసే ప్రతివాడూ వైద్యుడే. అప్పటికి వాడికి 26. 'నిలవదని మేం ముందే చెప్పాం' అనేవాళ్ళ గొంతులో దొంగ సంతోషం ఉంటుందే, అది మా మేనమామ గొంతులో బాగా విన్నాను నేను, ఎక్కడ విన్నా గుర్తుపడతాను. సెప్టెంబర్లో ఏం చేసుకున్నాడో, తిరిగి నిలబడ్డాడు. జెయింట్స్ సీజన్ ఆఖరి రోజు దాకా ఊపిరి బిగబట్టించి ప్లేఆఫ్స్‌లోకి వెళ్ళింది. ఆ ఏడు మ్యాచ్‌లన్నీ ఒక్క పరుగు తేడాతోనే ముగిసేవి. టీవీలో కామెంట్రీ చెప్పే డువేన్ కైపర్ దానికి 'టార్చర్' అని పేరు పెడితే ఊరంతా అట్టల మీద రాసుకుని తిరిగింది.

అక్టోబర్ 7, గురువారం. అట్లాంటా మీద మొదటి ప్లేఆఫ్ మ్యాచ్. లిన్సెకమ్‌కి కూడా జీవితంలో మొదటిది. టికెట్టు ధర చూసి కంప్యూటర్ మూసేశాను. కానీ సాన్ ఫ్రాన్సిస్కోలోని జెయింట్స్ స్టేడియంలో ఒక ధర్మం ఉంది, కట్టినవాళ్ళు చల్లగా ఉండాలి. కుడివైపు గోడలో, సముద్రం పక్క నడకదారి మీద, కమానుల్లాంటి ఖాళీలకి తీగ వల బిగించి ఉంటుంది. దాని వెనక నిలబడి ఎవరైనా ఉచితంగా మ్యాచ్ చూడొచ్చు. క్యూ ఉంటే మూడు ఇన్నింగ్స్ చూసి వెనకవాళ్ళకి చోటివ్వాలి. నేనూ కుయా మధ్యాహ్నమే కాల్ట్రెయిన్ ఎక్కి వెళ్ళి వరసలో నిలబడ్డాం. పులిహోర పట్టుకెళ్ళాను. వెనక నీళ్ళలో చిన్న చిన్న పడవలేసుకుని జనం. లోపల్నుంచి వెల్లుల్లి వేసి వేయించిన బంగాళదుంపల వాసన.

మొదటి బ్యాటరే డబుల్ (ఒక్క దెబ్బకి రెండో బేస్ దాకా) కొట్టాడు. నా గుండె జారి పులిహోర డబ్బాలో పడింది. అంతే, ఆ తర్వాత వాడు తలుపు వేసేశాడు. రైట్ ఫీల్డర్ వీపు మీంచి, దూరంగా, చిన్న తెల్ల బొమ్మలా కనపడేవాడు. కాలు లేవడం, వీపు తిరగడం, దూకడం. బంతి కనపడదు. బ్యాటర్ తల దించుకుని వెనక్కి నడవడం కనపడుతుంది.

మూడు ఇన్నింగ్స్ అయ్యాయి, మమ్మల్ని పంపేశారు. మళ్ళీ క్యూ చివరికెళ్తే దొరికేలా లేదు. గోడ బయట, వీధి దీపం కింద కూర్చుని కుయా జేబు రేడియో పెట్టారు. నాలుగో ఇన్నింగ్స్‌లో లోపల్నుంచి ఒక్కసారిగా హోరు లేచింది. గోడ అదిరినట్టయింది. కోడీ రాస్ కొట్టిన బంతికి బస్టర్ పోజీ పరుగు తీశాడు. ఆ రాత్రికి మొత్తం అదే ఒక్క పరుగు. తర్వాతదంతా ఆ దీపం కింద కూర్చుని రాసిందే. 'కె' రాస్తాను, తలెత్తుతాను, మళ్ళీ హోరు, మళ్ళీ 'కె'. దారిన పోయేవాళ్ళు ఆగి నా కాగితంలోకి తొంగి చూసి వెళ్ళేవాళ్ళు. ఒకామె పాపని ఎత్తుకుని ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా మా పక్కనే నిలబడింది. తొమ్మిది ఇన్నింగ్సూ వాడే వేశాడు. 119 బంతులు, ఇచ్చిన హిట్లు రెండు, 14 స్ట్రయికవుట్లు. 1-0.

ఆఖరి కె రాశాక కుయా నా చేతిలోంచి పెన్ను తీసుకుని, షీటు కింద తేదీ వేసి, సంతకం పెట్టారు. స్కోరర్ల సంతకం. మా డ్రిల్లు మాస్టారు పెట్టినట్టే. కుయాకి ఆ సంగతి నేనెప్పుడూ చెప్పలేదు.

వరల్డ్ సిరీస్‌లో, అంటే ఫైనల్లో, ఎదురుగా టెక్సాస్ రేంజర్స్. మా మేనత్త కొడుకు ఉండేది ఇర్వింగ్‌లో, రేంజర్స్ ఆడే ఆర్లింగ్టన్ పక్కనే. డాలస్ తెలుగువాళ్ళ ధీమా తెలుసుగా. అప్పటిదాకా బేస్‌బాల్ బంతి ఏ రంగులో ఉంటుందో తెలియని మా బావ, వాళ్ళ టీమ్ మొదటిసారి వరల్డ్ సిరీస్‌కి రాగానే పెద్ద పండితుడైపోయాడు. "ఏరా, మీ బక్కోడు మా క్లిఫ్ లీ ముందు ఆగుతాడా?" అని ఫోన్. పిచర్‌గా లీ మొదలెట్టిన మొదటి మ్యాచ్‌లో మావాళ్ళు మొత్తం 11 పరుగులు బాదారు. ఆ రాత్రి బావ ఫోన్ ఎత్తలేదు. నవంబర్ 1న ఐదో మ్యాచ్, ఆర్లింగ్టన్‌లోనే, మళ్ళీ అదే ఇద్దరు. ఆరు ఇన్నింగ్స్ దాకా ఎటువైపూ పరుగు లేదు. ఏడులో ఎడ్గర్ రెంటరియా మూడు పరుగుల హోమ్‌రన్. లిన్సెకమ్ ఎనిమిది ఇన్నింగ్స్, 10 స్ట్రయికవుట్లు, ఒకే పరుగు. 3-1. 1954 తర్వాత జెయింట్స్‌కి మొదటి టైటిల్, సాన్ ఫ్రాన్సిస్కో వచ్చాక అసలు మొదటిదే. బావే ఫోన్ చేశాడు. "సరేలేరా. దీపావళికి రా, మీ అక్క సున్నుండలు చేస్తోంది" అన్నాడు.

నవంబర్ 3న ఊరేగింపు. సెలవు పెట్టి వెళ్ళాను. దీపావళి ఇంకా రెండు రోజులుంది గాని మార్కెట్ స్ట్రీట్‌లో అప్పుడే వచ్చేసినట్టుంది. మేడల మీంచి నారింజ రంగు, నల్ల రంగు కాగితం ముక్కలు. చక్రాల మీద నడిచే కేబుల్ కార్లలో ఆటగాళ్ళు. లిన్సెకమ్ నా ముందు నుంచి వెళ్ళింది పది సెకన్లు కూడా ఉండదు. సాన్ హోసేలో మూడో వరసలోంచి చూసిన కుర్రాడు. నేను అరవలేదు, చెయ్యి ఊపలేదు. మనిషి నిజంగానే అంత సన్నమని మరొకసారి చూసుకున్నాను.

2011 సంక్రాంతికి ఇంటికెళ్ళాను, నాలుగున్నరేళ్ళ తర్వాత. కనుమ మర్నాడు మాస్టారి ఇంటికి వెళ్ళాను. రిటైరయ్యారు. వసారాలో పడక్కుర్చీ, చేతిలో పేపరు. నోట్‌బుక్కు చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పారు. ఇదేంటి, అదేంటి అని రెండు ప్రశ్నలడిగి మొత్తం లాగేశారు. "ఈ తిరగేసినవి ఆడకుండా నిలబడి పోయినవాళ్ళన్న మాట. బావుంది. కొట్టివేతలు లేవు" అన్నారు. నా రాత గురించి.

తర్వాత ల్యాప్‌టాప్‌లో వీడియో పెట్టాను. మెల్లగా తిప్పమన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. మూడోసారి తెర దగ్గరికి వంగి, వేలితో చూపించి "ఇదిగో, ఇక్కడ ఆపు" అన్నారు. లిన్సెకమ్ ఎడమ పాదం నేల మీద ఆనిన క్షణం.

"భుజం భుజం అంటున్నారన్నావే. భుజానికేం కాదురా వీడికి. బరువంతా వచ్చి ఇక్కడ పడుతోంది చూడు. తుంటి. వయసెంత?"

"ఇరవై ఆరు, మాస్టారూ."

"తుంటి చూసుకోమను" అని పేపరు తీసుకున్నారు. నన్ను చెట్టు కింద కూర్చోబెట్టిన సంగతి ఆయనకి గుర్తుందో లేదో, ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. మామ్మగారు అరిసెలు పెట్టారు.

2015 సెప్టెంబర్లో ఆఫీసులో కూర్చుని వార్త చదివాను. లిన్సెకమ్ ఎడమ తుంటికి ఆపరేషన్. అప్పటికి రెండు మూడేళ్ళుగా వేగం పడిపోతూనే ఉంది. మధ్యలో రెండు నో-హిట్టర్లు (ఒక్క హిట్టూ ఇవ్వని మ్యాచ్‌లు) వేశాడు, రెండూ సాన్ డియేగో మీదే. కానీ పాత బంతి రాలేదు. ఆ ఆపరేషన్ తర్వాత జెయింట్స్‌కి మళ్ళీ ఆడలేదు. చీరాలలో తెల్లవారే దాకా ఆగి ఫోన్ చేశాను.

"ఎవర్రా?"

"నేనే మాస్టారూ. ఆ అమెరికా బక్కోడు గుర్తున్నాడా?"

అవతల కాసేపు మాట లేదు. కుర్చీ కదిలిన చప్పుడు.

"తుంటేనా?" అన్నారు.